చవకైన పరిశోధనలకు దిక్కెవరు?

సంపాదకులకు నమస్కారం.

రొమ్ము క్యాన్సర్‌కు లక్షలు ఖరీదు చేసే కొత్త మందు వచ్చిందంటే పత్రికల్లో వెంటనే వార్త వస్తుంది. వంద రూపాయలు కూడా కాని మందు మీద మన దేశంలోనే జరిగిన పెద్ద పరిశోధన గురించి మాత్రం మాట్లాడేవారు తక్కువ. ముంబయి టాటా మెమోరియల్ క్యాన్సర్ ఆస్పత్రి వైద్యుల ఆధ్వర్యంలో దేశంలోని 11 కేంద్రాల్లో దాదాపు 1,600 మంది మహిళలతో ఇది జరిగింది. ఫలితాలు 2023లో వైద్య పత్రికలో అచ్చయ్యాయి. గడ్డను తీయడానికి ఏడు నుంచి పది నిమిషాల ముందు దాని చుట్టూ లిగ్నోకైన్ ఇంజెక్షన్ ఇచ్చారు. పన్ను పీకేముందు తిమ్మిరి కోసం ఇచ్చే మందే అది. ఆపరేషన్ సమయంలో క్యాన్సర్ కణాలు ఒంట్లోకి పాకకుండా అడ్డుకుంటుందేమో చూద్దామన్నది వారి ఆలోచన. ఐదేళ్లకు ఇంజెక్షన్ తీసుకున్నవారిలో 90.1 శాతం, తీసుకోనివారిలో 86.4 శాతం మంది బతికి ఉన్నారు.

ఒక్క పరిశోధనను పట్టుకుని పద్ధతులు మార్చేస్తామా అని పెద్ద డాక్టర్లు అడగవచ్చు. అడగాల్సిందే. పైగా ఇది కీమో కంటే ముందే ఆపరేషన్‌కు వెళ్లే తొలి దశ రోగులకు సంబంధించింది. కానీ చర్చించి అవుననో కాదనో చెప్పేవాళ్లు ఉండాలి కదా!

కడుపు ఆపరేషన్ల సంగతి ఇంకా సూటిగా ఉంది. నేను థియేటర్ స్టాఫ్ నర్సుగా పనిచేసి రిటైరయ్యాను. పేగుకు చిల్లుపడి వచ్చిన రోగికి ఆపరేషన్ బాగానే జరుగుతుంది, నాలుగైదు రోజులకు కుట్లు సెప్టిక్ అయి చీము పడుతుంది. రోగి కూలీ పోతుంది, తోడుగా ఉన్నవాళ్ల కూలీ పోతుంది. ఇది మాకెంత అలవాటైపోయిందంటే, ఎందుకిలా అవుతోందని అడగడం కూడా మానేశాం. భారత్ సహా 7 దేశాల్లోని 81 ఆస్పత్రుల్లో 13,301 మందితో చేసిన ‘చీటా’ అనే పరిశోధన 2022లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చింది. కడుపు మూసేముందు సర్జన్, నర్సు గ్లౌజులు మార్చుకుని, స్టెరైల్ చేసిన వేరే పరికరాలతో కుట్లు వేస్తే సెప్టిక్ కేసులు 18.9 శాతం నుంచి 16 శాతానికి తగ్గాయి. కొత్త మందు లేదు, కొత్త యంత్రం లేదు. (క్రిములను చంపే పూత ఉన్న ఖరీదైన కుట్టుదారం వాడినా సెప్టిక్ తగ్గలేదని అంతకుముందు ఏడాదే మరో పెద్ద పరిశోధన తేల్చింది. కొనుగోలు కమిటీల వారు అదీ చదివితే బాగుంటుంది.)

మరి ఎందుకు చేయరంటే, గ్లౌజులు దొరుకుతాయి గానీ రెండో ట్రే, అంటే మూయడానికి విడిగా స్టెరైల్ చేసి పెట్టిన పరికరాల సెట్టు, ఉండదు. ఒక కేసు పూర్తయ్యేసరికి ఇంకో కేసు టేబుల్ మీద ఉంటుంది, వాడిన పరికరాలు ఆటోక్లేవ్ (ఆవిరితో స్టెరైల్ చేసే యంత్రం) నుంచి రావాలి. నిజానికి మూయడానికి ఒక నీడిల్ హోల్డర్, ఫోర్సెప్స్, కత్తెర లాంటివి కొన్ని చాలు. ఖరీదైన మందుకైతే కంపెనీ రెప్రజెంటేటివ్ డాక్టరు గది ముందు గంటలకొద్దీ కూర్చుంటాడు. లిగ్నోకైన్ కోసం, రెండో ట్రే కోసం ఎవరొచ్చి కూర్చుంటారు?

ఆ పని డబ్బు చెల్లించేవారే చేయాలి. తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ కింద ఈ ఆపరేషన్లు ఎన్నో జరుగుతున్నాయి. క్లెయిమ్‌కు ఫొటోలు, రిపోర్టులు ఎలాగూ అడుగుతున్నారు. మూసేముందు గ్లౌజులు, పరికరాలు మార్చారా లేదా అన్న ఒక్క గడి అందులో చేర్చడం కష్టమా? లిగ్నోకైన్ విషయం క్యాన్సర్ నిపుణులకు అప్పగించి, వారి నిర్ణయాన్ని కారణాలతో సహా బయటపెట్టాలి. వద్దన్నా సరే, ఎందుకు వద్దో రోగులకు తెలియాలి. ఇక జిల్లా, ఏరియా ఆస్పత్రులకు ఆ రెండో ట్రేలు రెండు రాష్ట్రాల వైద్య మౌలిక సదుపాయాల సంస్థలు వచ్చే కొనుగోళ్లలోనే చేర్చాలని కోరుతున్నాను.

— ఒక రిటైర్డ్ స్టాఫ్ నర్సు, ఒంగోలు