సువాసన కాదమ్మా, నూనె వాసన

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం మీ పత్రికలో ఒక పాఠకురాలు పాత బట్టల సబ్బుల మీద రాసిన ఉత్తరం చదివాను. చిన్నప్పటి సబ్బుల 'కమ్మటి సువాసన' ఇప్పుడు ఏ పొడిలోనూ రావటం లేదని ఆవిడ బాధ. పిడుగురాళ్ళలో ముప్పై ఎనిమిదేళ్ళు కిరాణా కొట్టు నడిపినవాణ్ణి, ఆ సబ్బు పెట్టెల పక్కనే కూర్చుని క్యారేజీ విప్పినవాణ్ణి కాబట్టి ఒక మాట చెప్పక తప్పటం లేదు. బారు సబ్బుకి సువాసన అంటూ ఏమీ లేదమ్మా. అది నూనె వాసన. ఎండకి పెట్టిన తెలగపిండికి దగ్గరగా ఉండేది.

501 అనే బారు సబ్బు టాటా వాళ్ళ ఆయిల్ మిల్లుది. (1993లో ఆ కంపెనీ హిందుస్థాన్ లీవర్‌లో కలుస్తోందని పేపర్లో చదివి మా నాన్న, 'ఒరే, ఇక సన్‌లైటూ వాళ్ళదే, 501 కూడా వాళ్ళదే, బేరం ఎవరితో ఆడతాం' అన్నాడు.) మా కొట్లో పొడుగు బారుని సన్నటి ఇనప తీగతో ముక్కలు కోసేవాళ్ళం. కూలికి పోయే ఆడవాళ్ళు ఒక ముక్కే కొనేవాళ్ళు. కొనేముందు బొటనవేలి గోరు గుచ్చి చూసేవాళ్ళు. గోరు దిగితే పచ్చిది, నాలుగు ఉతుకులకే కరిగిపోతుంది. 'అబ్బాయ్, ఎండిన ముక్క తియ్యి' అనేవాళ్ళు. ఎండిందేమో తూకం తగ్గుతుంది, అందుకని పచ్చిగా ఉన్నప్పుడే అమ్మెయ్యాలని మా నాన్న ఆరాటం. ఈ పోరు రోజూ ఉండేది. కోసిన ముక్కని పాత పేపర్లో చుట్టి ఇచ్చేవాణ్ణి, చాలాసార్లు మీ పత్రికే. పచ్చి సబ్బు మీద మీ అచ్చు అక్షరాలు తిరగబడి అంటుకునేవి. నేను ఒకసారి ఒక మంత్రిగారి పేరు సబ్బు మీద కుడి నుంచి ఎడమకి చదివాను.

మా ఊరి సంగతి మీకు తెలిసిందే. నేల కింద సున్నపురాయి, నేల మీద సున్నం బట్టీలు. బట్టీ కూలీల బట్టల్లో సున్నం, బావి నీళ్ళలోనూ సున్నమే. ఆ నీళ్ళలో సబ్బు ఎంత రుద్దినా నురగ రాదు, తెల్లటి తెట్టు కట్టి తిరిగి బట్టకే అంటుకుంటుంది. నీళ్ళలోని కాల్షియం, మెగ్నీషియం సబ్బుని పట్టేసుకోవటం వల్ల అట. కొత్త సంవత్సరం పంచె మూడో ఉతుక్కే బూడిద రంగులోకి దిగేది. సాగర్ కాలవకి నీళ్ళు వదిలారంటే మూటలు నెత్తిన పెట్టుకుని కాలవ గట్టుకి పోయేవాళ్ళు. అందుకే పొడులు వచ్చాక మా ఊరు వాటి మీద ఎగబడింది. పొడికి ఆ తెట్టు బాధ లేదు. సర్ఫ్ మనదేశానికి 1959లోనే వచ్చినా మా కొట్లో అది డాక్టరుగారింటికీ తాసిల్దారుగారింటికీ తప్ప కదిలేది కాదు. 1969లో అహ్మదాబాదులో కర్సన్‌భాయ్ పటేల్ ఇంటి దగ్గరే కలిపి, సైకిల్ మీద తిప్పి అమ్మిన పసుప్పచ్చ పొడి, నిర్మా, మా దాకా వచ్చేసరికి చాలా ఏళ్ళు పట్టింది. వచ్చాక మాత్రం నేను బారు కోసే తీగ మేకుకి తగిలించి మళ్ళీ పెద్దగా తియ్యలేదు. ఈలోపు మన గుంటూరు సబ్బు త్రిబుల్ ఎక్స్ రేడియోలో 'సంస్కారవంతమైన సోప్' అని రోజూ వినపడేది. మా నాన్నకి ఆ మాట నచ్చింది. అప్పు ఎగ్గొట్టినవాడు కనపడితే 'వాడికో రెండు త్రిబుల్ ఎక్స్ ఇవ్వరా' అనేవాడు.

పొడుల వాసన గురించి నన్నడిగితే తుమ్ములే గుర్తొస్తాయి. చౌక రకాల్లో సోడా ఎక్కువ. గోతం విప్పితే చాలు, ముక్కు మండేది.

నాకు నిజంగా గుర్తున్న వాసన మేం అమ్మిన సరుకుల్లో ఏదీ కాదు. మా వీధి చాకలి ఇంటి వెనక ఉబ్బ పెట్టేవాళ్ళు. చవుడు కలిపిన నీళ్ళలో ముంచిన బట్టల్ని బాన మూతి మీద గుండ్రంగా పేర్చి, కింద తుమ్మకంప మంట పెట్టి రాత్రంతా ఆవిరి పట్టించేవాళ్ళు. తెల్లవారుజామున ఆ మూట విప్పితే వీధి మొత్తానికి తెలిసేది. ఆవిరి, తడిమట్టి, కాలిన కంప, అన్నీ కలిసిన వాసన. ఆ చాకలామె బట్టల సోడాకీ నీలిమందుకీ మా కొట్టుకే వచ్చేది, ఆమె చీర కొంగు కూడా అదే వాసన. బట్టల మూలన నల్లజీడి గింజ రసంతో పెట్టిన గుర్తులు మాత్రం ఎన్ని ఉబ్బలు పట్టినా పోయేవి కావు. మాకు రెండు చుక్కలూ ఒక గీతా. మా నాన్న పంచె ఒకటి ఇంకా ఉంది, ఆ గుర్తు చెక్కుచెదరలేదు.

ఇప్పటి పొడుల్లో, ద్రవాల్లో సెంటుని కంటికి కనపడనంత చిన్న గుళికల్లో పెడతారనీ, బట్ట రాసుకున్నప్పుడల్లా అవి పగిలి వాసన వస్తుందనీ మా మనవరాలు చెప్పింది. అంటే ఉతికిన తరవాత పోకుండా చూస్తారన్నమాట. మేం అమ్మిన సబ్బు వాసన జాడించగానే నీళ్ళతో పోయేది, ఆరిన చొక్కాకి ఎండ వాసన తప్ప మరొకటి ఉండేది కాదు. ఇప్పుడు అన్నం కలుపుకుంటుంటే ఆవకాయకి అడ్డంగా నా చొక్కా చెయ్యి మల్లెపూల వాసన కొడుతోంది. వాసన లేని సబ్బు కావాలని సూపర్‌మార్కెట్లో అడిగితే ఆ కుర్రాడు చంటిపిల్లలది ఇచ్చాడు. దానికీ వాసనే.

అదీ భరించేవాణ్ణి. మొన్న మా కోడలు బట్టలు మెత్తబడతాయని జాడించే నీళ్ళలో ఇంకేదో నీలిరంగు ద్రవం పోసింది. నా తువ్వాలు పట్టులా తయారైంది. స్నానం చేసి తుడుచుకుంటే ఒంటి మీద జారిపోతోంది తప్ప చుక్క నీరు పీల్చదు. నూలు పోగులకి జిడ్డు పూతలా పడుతుంది కాబట్టి నీళ్ళు ఎక్కవట. తుడవని తువ్వాలు ఎంత సువాసన కొడితే నాకేం?

పాత బస్టాండు దగ్గర ఒక కొట్లో ఇంకా బారు సబ్బు దొరుకుతోంది. తెచ్చి, గోరు గుచ్చి చూసి, అటక మీద నెల్లాళ్ళు ఎండబెట్టాను. నా తువ్వాలు నేనే కుళాయి దగ్గర ఉతుక్కుంటున్నాను. మామయ్యగారు అలిగారని మా కోడలు పక్కింటావిడతో చెబుతోంది. అలగలేదు. ఆ పక్కిల్లు మీ పత్రిక తెప్పించుకునే ఇల్లే కాబట్టి ఇక్కడే చెబుతున్నాను.

— ఒక విశ్రాంత కిరాణా వ్యాపారి, పిడుగురాళ్ళ