మేక పొదుగును మేక కొలతతోనే చూడాలి

సంపాదకులకు నమస్కారం.

మాది నల్లగొండ జిల్లా దేవరకొండ ప్రాంతం. మా ఇంట్లో ప్రస్తుతం 14 పాడి మేకలున్నాయి. మా వైపు ఊళ్లలోనూ తండాలలోనూ మేకపాలంటే ముందు పిల్లల నోటికి, ఆ తర్వాత ఇంటి చాయకు, మిగిలితే అమ్మకానికి. పశువైద్య శిబిరం పెట్టినప్పుడు మేకలకు నట్టల మందు తాగిస్తారు, పారుడు రోగానికి టీకా వేస్తారు. అందుకు మేమెంతో రుణపడి ఉన్నాము. కానీ ఇన్నేళ్లలో నేను చూసిన ఏ శిబిరంలోనూ మేక పొదుగును తాకి చూసిన వారు లేరు. ఆ లోటు గురించే ఈ ఉత్తరం.

నిరుడు వానకాలంలో మా మేక ఒకటి రెండు పిల్లలను ఈనింది. నాలుగో రోజు పిల్లలు రెండూ కుడి చన్ను దగ్గరే పెనుగులాడుతుంటే ఆకలి ఎక్కువైందనుకున్నాను. మేక వెనుక కాలు ఎడంగా వేసి నడుస్తుంటే ముల్లు గుచ్చుకుందనుకున్నాను. ముల్లు గుచ్చుకున్న మాట నిజమే, అయితే కాలికి కాదు. సర్కారు తుమ్మ పొదల్లో మేసినప్పుడు ఎడమ పొదుగు మీద పడిన గీత ఎర్రగా కనిపించింది. సాయంత్రానికి ఆ సగం గట్టిపడి కాలిపోతోంది, పిండితే నీళ్లలాంటి పాలలో తరకలు వచ్చాయి. తెల్లారి చూసేసరికి అదే సగం రాయిలా చల్లబడి నేరేడుపండు రంగుకు తిరిగింది. డాక్టరు గారు వచ్చి సూదులు వేసి మేక ప్రాణం నిలబెట్టారు గాని, ఆ సగం పొదుగు కొన్ని వారాలకు కుళ్లి ఊడిపోయింది. స్టాఫిలోకాకస్ ఆరియస్ అనే సూక్ష్మజీవి విషం వల్ల మేకలలో ఇలా జరుగుతుందని, ఒక్క పూట ముందు తెలిసినా ఎంతో తేడా ఉండేదని ఆయన చెప్పారు.

అది కంటికి కనిపించిన జబ్బు. పాలు తెల్లగానే ఉండి, పొదుగు మెత్తగానే ఉండి, లోపల మాత్రం సూక్ష్మజీవులు పెరుగుతూ పాలు తగ్గిపోయే పొదుగువాపును కంటితో పట్టుకోలేము. దాన్ని పట్టే కాలిఫోర్నియా పరీక్ష, అంటే అందరూ సీఎంటీ అనేది, ఖరీదైనది కాదు. మొదటి ధారలను పారబోసి, ఒక్కో చన్ను పాలను పళ్లెంలోని ఒక్కో గుంటలోకి పిండి, అంతే మోతాదులో ద్రావకం కలిపి పది సెకన్లు తిప్పితే చాలు. పొదుగులో జబ్బు ఉంటే పాలలో పెరిగే శరీర కణాలు పగిలి, ఎన్ని ఎక్కువ ఉంటే అంత చిక్కగా జిగురు కడుతుంది. అయితే మేకలో స్వల్పంగా చిక్కబడినంత మాత్రాన జబ్బు అనుకోకూడదు. ఒక చన్ను పాలు పలుచగా ఉండి రెండోది ముద్దకట్టిందా, అప్పుడు అనుమానించాలి.

ఈ తేడా తెలియక మేము నష్టపోయాము. హైదరాబాదులో మేకపాలు కొనే ఒక వ్యాపారి మా పాలలో కణాల సంఖ్య ఎక్కువగా ఉందని, రోగిష్టి పాలని, రెండు వారాల పాలకు డబ్బు ఇవ్వలేదు. ఆయన చూసింది ఆవుపాల లెక్క. మేక పొదుగులో పాలు ఊరే తీరే వేరు. పాలతోపాటు కణాల తునకలు కూడా రాలుతాయి, వాటిని కొన్ని యంత్రాలు నిజమైన కణాలుగా లెక్కగడతాయి. పైగా మేక ఎదకు వచ్చినప్పుడు, పాలు వట్టిపోయే ముందు, ఏ జబ్బూ లేకున్నా ఆ సంఖ్య పెరుగుతుంది. అందుకే అమెరికాలో మిల్లీలీటరు ఆవుపాలకు 7,50,000 కణాలు పరిమితి కాగా మేకపాలకు 15,00,000 వరకు అనుమతిస్తారు. ఆవు కొలతతో మంచి పాలు తిరస్కరించడం ఎంత తప్పో, పరీక్షే లేకుండా జబ్బు పాలు పిల్లలకు పట్టడం అంతకంటే పెద్ద తప్పు. స్టాఫిలోకాకస్ పెరిగిన పాలను కాస్తే సూక్ష్మజీవులు చస్తాయి గాని, అప్పటికే అవి వదిలిన విషం పోదు.

డెంగీ జ్వరాల కాలంలో, గట్టి శాస్త్రీయ ఆధారం లేకపోయినా, ప్లేట్‌లెట్లు పెరుగుతాయన్న నమ్మకంతో జనం మేకపాలను పచ్చిగానే అడుగుతుంటారు. మాల్టా దీవిలో మనుషులకు జ్వరం తెచ్చే సూక్ష్మజీవి మేకలలో ఉందని 1905లోనే తేలింది. బ్రూసెల్లా అనే ఆ సూక్ష్మజీవి పొదుగువాపు పరీక్షకు దొరకదు. కాబట్టి పరీక్షలో నెగ్గిన పాలనైనా కాచే తాగాలని కొనేవారికి నేను ప్రతిసారీ చెబుతున్నాను.

మందుల సంగతి మరీ బాధాకరం. ఆవు పొదుగుకు ఎక్కించే మందు ట్యూబును సగం ఒక మేకకు, సగం ఇంకో మేకకు ఎక్కించడం మా చుట్టుపక్కల మామూలే. ఒక పొదుగు రోగం రెండోదానికి అంటించే పని అది. మొన గొట్టాన్ని లోతుగా దూర్చితే సన్నని చన్ను నాళం లోపల చీరుకుపోతుంది. మందు వాడాక ఎన్నాళ్లు పాలు వాడకూడదో ఆవు మందు డబ్బా మీద రాసిన గడువు మేకకు సరిపోతుందన్న నమ్మకమూ లేదు; ఎన్ని రోజులు పాలు అమ్మకూడదో డాక్టరునే అడగాలి.

కాబట్టి నల్లగొండ, నాగర్‌కర్నూల్, మహబూబ్‌నగర్, వనపర్తి, నారాయణపేట జిల్లాలలో టీకాల శిబిరం పెట్టే రోజునే పాడి మేకలకు ఈ పరీక్ష కూడా చేయాలని, ప్రతి పశువైద్య ఉపకేంద్రంలో ద్రావకం సీసా ఒకటి, పళ్లెం ఒకటి ఉంచాలని, మేకకు వర్తించే తీరులో ఫలితం చదవడం ఊరికి ఇద్దరికైనా నేర్పాలని సంబంధిత అధికారులను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. పిండే ముందు చేతులు కడుక్కోవడం, అనుమానమున్న మేకను చివరన పిండడం, పిండిన వెంటనే చన్నులను అయోడిన్ ద్రావణంలో ముంచడం, ఆపైన మేత వేసి అరగంట పడుకోకుండా నిలబెట్టడం మా ఇంట్లో అలవాటు చేసుకున్నాము. శిబిరం తేదీ ప్రకటిస్తే, మా 14 మేకలను ఆ పొద్దున పాలు పిండకుండానే తోలుకొస్తాను.

– ఒక మేకల పెంపకందారు,
దేవరకొండ, నల్లగొండ జిల్లా