మంత్రిగారూ, ఆ గ్లాసెడు నీళ్లు తాగి చూపించకండి

గౌరవనీయులైన పర్యావరణ శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను పర్యావరణ పాఠాలు చెప్పే టీచర్ని. ఏటా జూన్ 5న మీరు మొక్క నాటుతారు, మేం చప్పట్లు కొడతాం. 1972లో స్టాక్‌హోమ్‌లో ఐక్యరాజ్యసమితి పర్యావరణ సదస్సు మొదలైన తేదీ అది. ప్రపంచం ఊరికే అక్కడ సమావేశం కాలేదు. మినమాట లాంటి ఊళ్లు గట్టిగా తడితే గానీ కదల్లేదు.

1950ల్లో జపాన్‌లోని ఆ ఊళ్లో పిల్లులు తూలుతూ, గిరగిరా తిరుగుతూ చచ్చిపోయేవి. అదే జబ్బు చేపలు తినే మనుషులకూ వచ్చింది. వేళ్లు తిమ్మిరెక్కేవి, మాట తడబడేది, చూపు మందగించేది. 1956లో ఆ సంగతి అధికారులకు చెప్పింది చిస్సో రసాయన కర్మాగారం ఆసుపత్రి డాక్టరే. 1959లో ఆయన, ఫ్యాక్టరీ సముద్రంలోకి వదిలే మురుగునీరు కలిపిన తిండి ఒక పిల్లికి పెట్టి చూశారు. దానికీ అదే జబ్బు! కంపెనీ ఆ సంగతి బయటికి పొక్కనివ్వలేదు. పైగా ఆ డిసెంబరులోనే శుద్ధి యంత్రం ఒకటి బిగించి, దాని ప్రారంభోత్సవంలో కంపెనీ అధ్యక్షుడు గ్లాసెడు నీళ్లు తాగి చూపించాడు. అసలు ఆ జబ్బు తెచ్చిన పాదరసం ఉన్న మురుగు ఆ యంత్రంలోకి వెళ్లనే లేదు. జబ్బుకు కారణం ఫ్యాక్టరీయేనని ప్రభుత్వం ఒప్పుకునేసరికి 1968 వచ్చింది.

ప్రకృతిని చూసే తీరులో మూడు రకాలుంటాయని క్లాసులో చెబుతాను. ప్రకృతి విలువ మన అవసరంతో పనిలేకుండానే ఉంటుందనేది ఒకటి. మనుషుల మేలు కోసం చట్టాలతో, పన్నులతో అదుపు చేసుకుంటూ వాడుకోవాలనేది రెండోది. ఏది పాడైనా సాంకేతికత బాగుచేసేస్తుందనేది మూడోది. మీ ముందుకొచ్చే అనుమతి ఫైళ్లలో ఈ మూడోదే రాజ్యమేలుతోందని నా అనుమానం. యంత్రం మీద నాకేం పగ లేదు. ఓజోన్ పొరను తినే రసాయనాలకు ప్రత్యామ్నాయాలు కనిపెట్టింది ఆ సాంకేతికతే. కాకపోతే అక్కడ 1987లో మాంట్రియల్‌లో దేశాలు కూర్చుని, వాటి వాడకానికి కళ్లెం వేస్తూ సంతకాలు పెట్టాయి.

1974లో హిమాలయాల్లోని రేణి గ్రామంలో గౌరాదేవి, ఆమె వెంట ఆడవాళ్లు చెట్లు కొట్టేవాళ్లకు అడ్డం నిలబడ్డారు. ఆ అడవి వాళ్లకు పుట్టిల్లు. మీ ఫైల్లో టన్నులకు, హెక్టార్లకు గడులుంటాయి. పుట్టింటిని ఏ గడిలో రాస్తారు? రాయాలనుకుంటే దారి లేకపోలేదు. న్యూజీలాండ్ 2017లో వాంగనూయి నదికి మనిషికున్నట్టే చట్టపరమైన హక్కులిచ్చి, దాని తరఫున మాట్లాడటానికి ఇద్దరిని పెట్టింది.

అంత పెద్ద చట్టం రేపే తెమ్మని అడగను. ప్రతి అనుమతి ఫైల్లో ఒక పేజీ చేర్పించండి చాలు. ఈ నీటి మీద, నేల మీద ఎవరు బతుకుతున్నారు, శుద్ధి యంత్రం పనిచేయకపోతే పని ఆపించేది ఎవరు అన్నవి అందులో ఉండాలి. పరీక్షలు కంపెనీతో సంబంధం లేనివాళ్లు చేయాలి. చెడ్డ ఫలితాలు కూడా జనానికి తెలియాలి.

ఆ డాక్టరుగారి పిల్లికి ప్రయోగంలో 400 అని నంబరు వేశారు. ఆ ఫలితంలా దాచేసిన కాగితం మీ శాఖలో ఏ బీరువాలో ఉన్నా ముందు దాన్ని బయటపెట్టండి.

ఇట్లు,
ఒక టీచర్