ఎర్రమట్టి సిరీస్ ఆర్డర్ ఇచ్చే ముందు ఇది చదవండి

నమస్కారం అండీ. విశాఖ–భీమిలి తీరం మీద మేం వేస్తున్న కొత్త ఆబ్‌స్ట్రాక్ట్ పెయింటింగుల ఫొటోలు పెట్టగానే ఎక్కువమంది అడిగింది ఒకటే: "ఇందులో సముద్రం ఏదండీ?"

ఉంది. అడుగున ఓ వారగా సన్నటి బూడిద రంగు పట్టీ, అంతే. మిగతాదంతా ఎరుపు, ఇటుక రంగు, అక్కడక్కడ నలుపు. మన తీరంలో నన్ను పట్టుకున్న రంగులు అవే. ఎర్రమట్టి దిబ్బలు వేల ఏళ్లపాటు గాలి మోసుకొచ్చి పోసిన ఇసుక. రేణువుల చుట్టూ ఐరన్ ఆక్సైడ్ పట్టి ఆ రంగు వచ్చింది. వానలు దాన్ని కోసి లోతైన గెడ్డలు చేశాయి. పెయింటింగులో కనిపించే నిలువు చారలు ఆ గెడ్డల గోడలు. నలుపు భీమిలి ఒడ్డున ఉండే ఇల్మెనైట్ (ఇనుము, టైటానియం ఉన్న నల్లటి ఖనిజం) ఇసుక. గరుకుగా, తుప్పు రంగులో ఉన్నవి సముద్రం పక్కనే నిలబడి శిథిలమవుతున్న ఖొండలైట్ (తూర్పు కనుమల్లో ఉండే ఒక రకం రాయి) కొండలు. నీలి సముద్రం, తెల్ల నురగ కావాలనుకునేవారికి ఈ సిరీస్ నచ్చదు. దయచేసి తీసుకోకండి, నేనేమీ అనుకోను. సోఫా రంగుకి మ్యాచ్ చేసి ఇవ్వడం కూడా ఇందులో కుదరదు.

ఇంకో మాట. "ఆ దిబ్బల ఇసుకే కలిపి వేయండి, ఎక్స్‌ట్రా ఇస్తాం" అని కొందరు అడిగారు. ఎంత ఇచ్చినా వేయం. 2014లో జియలాజికల్ సర్వే ఆ చోటుని భౌగోళిక వారసత్వ స్థలంగా గుర్తించింది, 2025లో యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలోకి కూడా ఎక్కింది. అక్కణ్ణించి చెంచాడు ఇసుక కూడా తేం. అయినా మేం వాడే రెడ్ ఆక్సైడ్ రంగుకి ఎరుపునిచ్చేది కూడా ఐరన్ ఆక్సైడే. గరుకుదనం ప్యూమిస్ జెల్‌తో (ప్యూమిస్ రాతి పొడి కలిపిన జెల్) వస్తుంది.

ఇక ఆలస్యం సంగతి. ఇవి పాలెట్ నైఫ్‌తో (రంగు పూసే మొద్దు కత్తి) మందంగా వేసినవి. విశాఖ తేమలో ఆక్రిలిక్ పైకి ఆరినట్టే ఉంటుంది, లోపల మెత్తగానే ఉంటుంది. ఆ స్థితిలో కాన్వాసుని చుట్టి పంపితే మీ చేతికొచ్చేసరికి పొరలు అతుక్కుపోతాయి. అందుకే పెద్ద సైజులు చెప్పిన తేదీకంటే ఆలస్యమవుతున్నాయి. ఫోన్ చేసి తొందరపెట్టినా రంగు ఆరదు కదా! టెన్షన్ పడేవాళ్లు అడ్వాన్స్ వెనక్కి తీసుకోవచ్చు, పూర్తిగా ఇచ్చేస్తాం. చిన్నవి మాత్రం ఆరిపోయి సిద్ధంగా ఉన్నాయి.

పార్సిల్ విప్పినప్పుడు రంగు వైపు బయటికి ఉండేలా చుట్టి ఉంటే కంగారు పడకండి. లోపలికి చుడితే మందపాటి రంగు నలిగి ముడతలు పడుతుంది, ఫ్రేముకి బిగించేటప్పుడు పగుళ్లిస్తుంది. విప్పాక ఒక రోజు చదునుగా పరిచి ఉంచి, ఆ తర్వాతే ఫ్రేమ్ షాపుకి తీసుకెళ్లండి.

ధరలు పెంచలేదు. 2025 సెప్టెంబరు 22 నుంచి చేత్తో వేసిన పెయింటింగుల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి దిగింది, ఆ తేడా మీ బిల్లులోనే తగ్గించాం. పెద్ద సైజులకి కొత్త బుకింగులు సంక్రాంతి తర్వాతే తీసుకుంటాం.