తేదీ మీద స్టిక్కర్ అంటించవద్దని చెప్పండి: విజయనగరం జాయింట్ కలెక్టర్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన విజయనగరం జిల్లా జాయింట్ కలెక్టర్ గారికి,

నమస్కారం.

నేను దాసన్నపేటలో ఉంటాను. ఒక ప్రైవేటు సంస్థలో లెక్కలు రాస్తాను. మా ఆయనదీ ప్రైవేటు ఉద్యోగమే. నెల మొదటి వారంలో సరుకుల లిస్టు రాసుకుని, రెండో వారం నుంచి అందులో ఏవి కొట్టెయ్యాలా అని చూసుకునే ఇల్లు మాది. ఎక్స్‌పైరీ డేట్ దగ్గరపడ్డ సరుకు తక్కువ ధరకి దొరికితే సంతోషంగా కొంటాను. ఈ మాట ముందే చెప్పడానికి కారణం ఉంది. ఈ ఉత్తరం చదివి మీరు రేపే ఫుడ్ ఇన్‌స్పెక్టర్లను పంపించి ఆ తగ్గింపు బల్లలన్నీ ఎత్తించేస్తే ముందు నష్టపోయేది నాలాంటి వాళ్లమే.

పోయిన నెల ఒక ఆదివారం సాయంత్రం గంటస్తంభం వైపు పనిమీద వెళ్లి, వస్తూ వస్తూ ఒక సూపర్‌మార్కెట్‌లో దూరాను. దాని పేరు రాయను. ఒక కొట్టుతో గొడవ పెట్టుకోవడానికి రాస్తున్న ఉత్తరం కాదిది. లోపల అడుగు పెట్టగానే బల్ల మీద ఓట్స్ ప్యాకెట్లు గోపురంలా పేర్చి ఉన్నాయి. కిలో ప్యాకెట్ కొంటే ఇంకో కిలో ఫ్రీ. మా అత్తగారికి షుగరు, రాత్రిపూట అన్నం తగ్గించమన్నారు డాక్టరు గారు. ఇంకేముంది, రెండు కిలోలూ సంచిలో వేసుకొచ్చాను. ఇంటికొచ్చి డబ్బాలో పోస్తూ డేట్ చూద్దామంటే కనపడదు. 'ఒకటి కొంటే ఒకటి ఉచితం' అన్న పసుపు స్టిక్కర్ సరిగ్గా దాని మీదే ఉంది. రెండో ప్యాకెట్‌కీ అక్కడే. గోళ్లతో గీకితే రాలేదు. కొబ్బరినూనె రాసి, కాసేపు ఆగి గీకితే సగం ఊడింది. డేట్ ఇంకా దాటలేదు. నాలుగు రోజులుంది.

నాలుగు రోజుల్లో రెండు కిలోల ఓట్స్! మరునాడు సాయంత్రం పట్టుకెళ్తే కౌంటర్‌లో కుర్రాడు, "ఎక్స్‌పైర్ అవలేదు కదమ్మా, ఆఫర్ సరుకు వెనక్కి తీసుకోం" అన్నాడు. బిల్లు వెనక కూడా అదే ముద్ర. ఆ కుర్రాడి మీద నాకు కోపం లేదు, అతనికి చెప్పింది అతను చెప్పాడు. ఒక ప్యాకెట్ పక్కింటి వాళ్లకిచ్చాను. రెండోది ఉప్మా చేశాను, దోశ పోశాను, జావ కాచాను. మూడో రోజు మా అత్తగారు పళ్లెం పక్కకి నెట్టి, "ఏటే అమ్మా, నన్నేటి గుర్రాన్ననుకుంటన్నావేటి?" అన్నారు.

ఇంట్లో నవ్వుకున్నాం గానీ, తర్వాత కూర్చుని ఆలోచిస్తే నవ్వు రాలేదు. నాలుగు రోజులే ఉందని ఆ బల్ల మీద ఒక అట్టముక్క మీద రాసి పెట్టినా నేను ఓట్స్ కొనేదాన్నే. ఒక్క ప్యాకెట్ కొనేదాన్ని, సగం ధర ఇచ్చి. లేదా పక్కింటావిడను అడిగి చెరొకటీ తీసుకునేవాళ్లం. ఆ ఆలోచన చేసుకునే అవకాశాన్ని స్టిక్కర్ కప్పేసింది.

మా నాన్నగారికి చీపురుపల్లిలో కిరాణా కొట్టు ఉండేది. రాత్రి కొట్టు కట్టేముందు అరలు సర్దుతుంటే నేనూ పక్కన ఉండేదాన్ని. పాత సరుకు ముందుకి, కొత్త సరుకు వెనక్కి. ఈ కిటుకు తెలిసిన ఆడవాళ్లు లోపలికంటా చెయ్యి పెట్టి వెనక ప్యాకెట్ లాగేవాళ్లు, నాన్న చూసీ చూడనట్టు ఊరుకునేవారు. డేట్ అయిపోయిన సరుకు వెనక్కి తీసుకుంటామని ఏజెన్సీ వాళ్లు చెప్పేవాళ్లు. తీరా లైనుకొచ్చే సేల్స్‌మ్యాన్ "వచ్చే వారం పట్టుకెళ్తానండీ" అనేవాడు. చిన్న కొట్టుకి ఆ వచ్చే వారం అంత తొందరగా రాదు. అందుకని నాన్న ముందే జాగ్రత్తపడి, ఇరవై రోజులో నెల రోజులో ఉందనగా ఆ సరుకు తీసి గల్లాపెట్టె పక్కన వెదురుబుట్టలో వేసేవారు. ఎవరైనా బుట్టలో చెయ్యి పెడితే, "ఇది నెలాఖరుకి అయిపోద్ది. పది రూపాయిలది ఆరుకిస్తాను. రెండ్రోజుల్లో తినీగలిగితే పట్టుకెళ్లు, దాసుకోడానికైతే వద్దు" అనేవారు.

సార్, లేదా మేడమ్, నేను అడగబోయేదంతా ఆ బుట్ట పక్కన చెప్పిన మాటే. దాన్ని ఒక పద్ధతిగా పెట్టించమంటున్నాను, అంతే.

చట్టం సంగతి నాకు తెలిసినంతవరకు చెబుతాను. దేశంలో తిండి సరుకుల భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2020లో తెచ్చిన లేబులింగ్ నిబంధనల ప్రకారం ప్యాకెట్ మీద తయారీ తేదీ లేదా ప్యాకింగ్ తేదీతో పాటు 'ఎక్స్‌పైరీ' లేదా 'యూజ్ బై' తేదీ తప్పనిసరి. 'బెస్ట్ బిఫోర్' అన్నది కంపెనీ ఇష్టం, కావాలంటే అదనంగా వేసుకోవచ్చు. ఎక్స్‌పైరీ దాటాక ఆ సరుకు తినడానికి అమ్మకూడదు. బెస్ట్ బిఫోర్ అలా కాదు, ఆ రోజు వరకూ రుచి, కరకర, వాసన కంపెనీ చెప్పినట్టు ఉంటాయని దాని అర్థం. తర్వాత కాస్త తగ్గుతాయి, అంతమాత్రాన విషం అయిపోదు. ఈ రెండింటికీ తేడా ఇంట్లో చాలామందికి తెలియదు. ఉద్యోగం చేస్తున్న నాకే మొన్నటిదాకా సరిగ్గా తెలియదు. తెలియక కొందరు బాగున్నది పారేస్తారు, కొందరు పారెయ్యాల్సింది తింటారు.

పైగా ఆ తేదీ ఏ భాషలో ఉంటుందో చూడండి. లేబుల్ వివరాలు ఇంగ్లీషులో గానీ హిందీలో గానీ ఉండాలని నిబంధన. తెలుగులో కూడా వేసుకోవచ్చు, కానీ వెయ్యాలని లేదు. ఆవగింజంత అక్షరాలు, ప్యాకెట్ అతుకు మడతలో నల్ల చుక్కల్లా. 05/06 అని ఉంటే ఏది రోజో ఏది నెలో అని మా అత్తగారి వయసు వాళ్లు పక్కనున్న పిల్లల్ని అడుగుతారు. అసలే చదవడం కష్టమైన చోట ఇంకో స్టిక్కర్ కూడానా?

ఇంకొక సంగతి ఎవరూ పెద్దగా పట్టించుకోరు. ప్యాకెట్ మీద తేదీ పక్కనే 'చల్లని, పొడి ప్రదేశంలో ఉంచండి' అని ఉంటుంది. ఆ తేదీ ఆ షరతు మీద ఇచ్చిన తేదీ. మే నెలలో మన ఊళ్లో రేకుల గొడౌన్‌లో నిలవున్న నూనె ప్యాకెట్‌కీ, ఏసీ గదిలో ఉన్నదానికీ ముద్ర ఒకటే, కానీ లోపలున్న నూనె ఒకటి కాదు. డేట్ ఇంకా రెండు నెలలున్నా విప్పగానే ముక్కిన వాసన కొట్టే వేరుశనగ చిక్కీలు నేను కొన్నాను. వానాకాలంలో అయితే రవ్వ, మైదా సంగతి చెప్పక్కర్లేదు. డేట్ లోపే పురుగు పడుతుంది. అందుకే మీ అధికారులు తనిఖీకి వెళ్లినప్పుడు ముందు అర మీద తేదీలు చూసి వచ్చేయకుండా, వెనక గొడౌన్ తలుపు కూడా తీయించాలి.

తగ్గింపు బల్ల దగ్గర నేనేం చేస్తానో కూడా చెబుతాను. నా లెక్క చాలా మొరటు లెక్క. ఆ సరుకు మా ఇంట్లో ఎన్ని రోజుల్లో అవుతుంది, ఇంకా ఎన్ని రోజులుంది, అంతే. బట్టల సబ్బు, గిన్నెల సబ్బు అయితే అసలు ఆలోచించను. టీపొడి, సేమ్యా, కార్న్‌ఫ్లేక్స్, సాస్ సీసా, బిస్కెట్లు నెల రోజులుంటే చాలు. గోధుమ పిండి పది కిలోల బస్తా అయితే పదిహేను రోజులున్నా వద్దు, కిలో ప్యాకెట్ అయితే సరే. జీడిపప్పు, నువ్వులు, నూనె ఉన్న ఏ గింజైనా ఒక ప్యాకెట్ కొని విప్పి వాసన చూశాకే రెండోది. పనీర్, పెరుగు, వెన్న లాంటి ఫ్రిజ్ సరుకు మాత్రం సగం ధర కాదు, పావు ధరకి ఇచ్చినా ముట్టుకోను. ఆ ఫ్రిజ్‌ని రాత్రి కొట్టు కట్టేటప్పుడు ఆపేశారో లేదో నాకెలా తెలుస్తుంది? పసిపిల్లల ఆహారమూ అంతే.

పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం ముందు వారం అయితే ఇవే బల్లల దగ్గర నేను తోసుకుని మరీ ముందుకెళ్తాను. ఆ రోజుల్లో ఊళ్లో ఏ ఇంట చూసినా చుట్టాలే. పది రోజుల్లో డేట్ అయిపోయే కూల్‌డ్రింకులు, మిక్చర్, బిస్కెట్లు రెండు పూటల్లో ఖాళీ. అలాంటప్పుడు డేట్ దగ్గరపడ్డ సరుకే అసలైన బేరం. కాబట్టి ఈ అమ్మకం తప్పు అని ఎవరైనా మీకు అర్జీ పెడితే దయచేసి వినకండి. తినగలిగిన తిండి చెత్తబండిలో పడటం కంటే సగం ధరకి నా సంచిలో పడటం మేలు. 2022లో ప్రపంచంలో 105 కోట్ల టన్నుల ఆహారం వృథా అయిందని ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం లెక్క కట్టింది. మన ఊరి వాటా ఎంతో గానీ, మా వీధి చివర డబ్బాలో విప్పని బ్రెడ్ ప్యాకెట్లు నేను చూశాను.

ఇప్పుడు నాకు అర్థం కాని సంగతి. 2024 నవంబరులో ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆన్‌లైన్ వ్యాపారులను పిలిచి, ఇంటికి చేర్చే నాటికి సరుకు మొత్తం ఆయుష్షులో 30 శాతం గానీ ఎక్స్‌పైరీకి 45 రోజుల గడువు గానీ మిగిలి ఉండాలని చెప్పింది. మంచిదే. ఫోన్‌లో నొక్కితే సరుకు ఇంటికొచ్చేవాళ్లకి ఆ రక్షణ ఉంది. సంచి పట్టుకుని నడిచి వెళ్లేవాళ్లకి? నాకు 45 రోజులు అక్కర్లేదు. ఎన్ని రోజులున్నాయో చెబితే చాలు. ఆన్‌లైన్‌లో అమ్మడానికి వీల్లేక అంత సరుకు ఆగిపోతే అది ఎక్కడికో ఒకచోటికి వెళ్లాలి కదా. మన ఊరి తగ్గింపు బల్లల మీదికి, అక్కడా మిగిలితే ఆటో ఎక్కి పల్లెల్లో చిన్న కొట్లకి వస్తోందేమోనని నా అనుమానం. అనుమానమే, రుజువు లేదు. మీరు విచారిస్తే తెలుస్తుంది.

తేదీ రాసి పెట్టడం కొట్లవాళ్లకి కొత్త భారం అని మాత్రం అనకండి. 2020 అక్టోబరు 1 నుంచి మిఠాయి కొట్లలో విడిగా అమ్మే స్వీట్లకి ఎప్పటిలోగా తినాలో ట్రే ముందు రాసి పెట్టాలని అదే ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆదేశించింది. మైసూర్‌పాక్ అమ్మే మనిషి ఒక అట్టముక్క మీద తేదీ రాయగలిగితే, కంప్యూటర్ బిల్లింగ్ ఉన్న సూపర్‌మార్కెట్ రాయలేదా? మందుల షాపు బిల్లులో ప్రతి మాత్రకీ ఎక్స్‌పైరీ ఉంటుంది. తగ్గింపు సరుకు బిల్లులో కూడా ఆ ఒక్క గడి వేయించండి.

ఆహార భద్రత, ప్రమాణాల చట్టం కింద లేబుల్ తప్పుల కేసులు విచారించి జరిమానా వేసే అధికారం జిల్లాలో మీదే కాబట్టి మీకే రాస్తున్నాను. తేదీ మీద, తయారీ వివరాల మీద ఏ ఆఫర్ స్టిక్కరూ పడకూడదని జిల్లాలోని కొట్లన్నిటికీ ఒక ఉత్తర్వు పంపించండి. డేట్ దగ్గరపడ్డ సరుకు వేరే బల్ల మీద పెట్టి, 'ఫలానా తేదీలోగా వాడాలి' అని తెలుగులో, దూరం నుంచి కనపడేంత అక్షరాల్లో రాయించండి. బిల్లు వెనక 'వాపసు తీసుకోబడదు' ముద్ర సంగతి కూడా చూడండి. లోపమున్న సరుకు వెనక్కి తీసుకోననడం అనుచిత వ్యాపార పద్ధతి అని 2019 వినియోగదారుల రక్షణ చట్టం అంటోంది. తేదీ కప్పి అమ్మిన సరుకు లోపమున్నదా కాదా అన్నది మీలాంటి వాళ్లు తేల్చాలి. ఎవరికైనా అన్యాయం జరిగితే ఫోన్ చెయ్యడానికి వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. ఆ నంబరు కూడా ఆ బల్ల దగ్గరే రాయిస్తే ఇంకా మంచిది. స్టిక్కర్ అంటించేవాడి చెయ్యి కాస్త వెనకాడుతుంది.

చిన్న కొట్లవాళ్ల మీద మాత్రం ముందే జరిమానా వేయకండి. డేట్ అయిపోయిన సరుకు ఏజెన్సీ వెనక్కి తీసుకోకపోతే వాళ్లేం చేస్తారు? అమ్మితే తప్పు, పారేస్తే సొంత డబ్బు. ఉత్పత్తిదారులు ఎక్స్‌పైర్ అయిన సరుకు లెక్క మూడు నెలలకోసారి తన ఆన్‌లైన్ పోర్టల్‌లో పెట్టాలని 2024 డిసెంబరులో ఎఫ్ఎస్ఎస్ఏఐ చెప్పింది. ఆ లెక్క చీపురుపల్లి, గజపతినగరం, ఎస్.కోట కొట్ల నుంచి కూడా మొదలవ్వాలంటే, సరుకు వెనక్కి ఇచ్చినట్టు రసీదు వాళ్ల చేతిలో ఉండాలి. డిస్ట్రిబ్యూటర్లను పిలిచి ఒకసారి మాట్లాడండి. మీరు పిలిస్తే వస్తారు. మా నాన్న ఎంత పిలిచినా రాలేదు.

ఆ ఓట్స్ ఖాళీ ప్యాకెట్ నేను పారెయ్యలేదు. కొబ్బరినూనె మరకతో, సగం ఊడిన పసుపు స్టిక్కర్‌తో, బిల్లు పిన్ను కొట్టి ఉంచాను. సోమవారం కలెక్టరేట్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదికకి సెలవు పెట్టి వస్తున్నాను. అర్జీతో పాటు అది కూడా తెస్తాను.

ఇట్లు,
ఒక వినియోగదారు, దాసన్నపేట, విజయనగరం