రంగు సుద్దతో కూడికలు

సంపాదకులకు,

మా మనవరాలు రెండో తరగతి. 27కి 15 కలిపి 312 అని రాసుకొచ్చింది. ఏడూ ఐదూ పన్నెండును అలాగే దించేసి, పక్కన మూడు పెట్టింది. తిట్టి లాభం లేదని మార్కాపురం పలక తీసి ఒకట్లు తెల్ల సుద్దతో, పదులు పసుపు సుద్దతో వేశాను. పన్నెండులో 1 పసుపు కదా, పసుపు వరుసలోకే పోవాలని తనే చెప్పి 42 వేసింది. అంతకుముందు ఎరుపు, ఆకుపచ్చ వాడి చూశాను గానీ పక్కింటి పిల్లాడు రెండింటికీ తేడా పట్టలేకపోయాడు. కొందరి కళ్లంతే.

బడిలో మాత్రం బోర్డంతా తెలుపే. రంగు సుద్దలు వార్షికోత్సవం ముగ్గులకే బయటికొస్తాయి! రెండు ముక్కలు లెక్కల పీరియడ్‌కూ తియ్యమని టీచర్లకు మనవి.

– ఒక విశ్రాంత ఉద్యోగి, ఒంగోలు