ఈగల మీద మందు కాదు, కోడిపెంట తడి మీద దృష్టి కావాలి

సంపాదకుల వారికి,

ఆర్యా,

విశాఖపట్నం జిల్లాలోని ఆనందపురం, పద్మనాభం, భీమునిపట్నం మండలాల్లో కూరగాయల మళ్లు, పూలతోటలు, కోళ్ల ఫారాలు ఒకే పొలిమేరలో పక్కపక్కనే ఉంటాయి. తొలకరి పడిన దగ్గర నుంచి కార్తీకం వెళ్లే దాకా ఫారాల చుట్టుపక్కల ఊళ్లలో అన్నం కంచాల మీద ఈగలు ముసరడం, గ్రామస్థులు ఫిర్యాదు చేయడం, అధికారులు వచ్చి చూసి వెళ్లడం, యజమానులు షెడ్ల చుట్టూ మందు కొట్టించడం, పది పన్నెండు రోజులు తిరిగేసరికి ఈగలు మళ్లీ కమ్ముకోవడం ఏటా జరిగే తంతుగా మారిపోయింది. పత్రికల జిల్లా పేజీల్లో వచ్చే వార్తల్లో గ్రామస్థుల బాధ, యజమానుల సమాధానం రెండూ ఉంటాయి గాని, ఆ ఈగ ఎక్కడ పుడుతోంది, ఎందుకు పుడుతోంది అన్న మాట అరుదుగా కనిపిస్తుంది. ఆ లోటు కొంతైనా తీరుతుందని ఈ లేఖ రాస్తున్నాను.

గుడ్లు పెట్టే కోడి రోజుకు సుమారు 100 గ్రాముల పెంట వేస్తుంది. అంటే పది వేల కోళ్లున్న ఫారంలో రోజుకో టన్ను పోగవుతుంది. అప్పుడే పడిన పెంటలో దాదాపు నాలుగింట మూడు వంతులు నీరే. ఆడ ఈగ ఆ తడి పెంటను వెతుక్కుంటూ వచ్చి, ఒక్కో విడతకు వంద నుంచి నూట యాభై వరకు గుడ్లు పెడుతుంది. మన ఉక్కపోత వాతావరణంలో ఆ గుడ్లు ఒక్క రోజులోనే పిల్లపురుగులై, అదే పెంటలో పెరిగి, ఎనిమిది పది రోజుల్లో రెక్కలు తొడుక్కుని బయటకు వస్తాయి. కాబట్టి మందు కొట్టిన పది రోజులకు ఈగలు తిరిగి కనిపించడంలో వింతేమీ లేదు. మందు కొట్టిన నాడు పెంటలో దాగి ఉన్న పురుగులే అవి. పెంటలో తేమ 60 నుంచి 75 శాతం దాకా ఉన్నంత కాలం వాటికి తిరుగులేదు. సగానికి బాగా దిగువకు తగ్గితే అవి బతికి బట్టకట్టడం కష్టం.

ఏ ఫారంలోనైనా కోళ్లను ఉంచే కేజీల (పంజరాల) కింద ఒకసారి వంగి చూస్తే ఈ విషయం కళ్లకు కడుతుంది. నిపుల్ (కోళ్లు నీరు తాగే గొట్టపు మొన) నుంచి నీరు కారని చోట పెంట పైన పెచ్చు కట్టి, పొడిగా, చిన్న చిన్న గుట్టలుగా నిలబడి ఉంటుంది. అక్కడికి రెండడుగుల దూరంలో నిపుల్ పాడై చుక్కచుక్కగా నీరు పడే చోట అదే పెంట జావలా పరుచుకుని ఉంటుంది. పుల్లతో కదిపితే తెల్లని పురుగులు లుకలుకలాడుతూ పైకి వస్తాయి. పాడైన నిపుళ్లను ఏ రోజుకారోజు మార్చడం, వాన నీరు షెడ్డులోకి జారకుండా చూరు పొడిగించి చుట్టూ కాలువ తీయడం, కేజీల కింది నేలను చుట్టుపక్కల నేల కన్నా ఎత్తుగా ఉంచడం, దాణాలో ఉప్పు ఎక్కువై కోళ్లు పారుకోకుండా చూసుకోవడం, గాలి ఆడేలా షెడ్డు పక్కల పొదలు కొట్టేయడం ఏవీ కొత్త సంగతులు కావు, పెద్ద ఖర్చుతో కూడినవీ కావు. సముద్రం దాపునే ఉన్న మనకు గాలిలో తేమ ఏడాది పొడుగునా ఎక్కువ కనుక, పొడి జిల్లాల రైతు కన్నా ఇక్కడి రైతు ఈ పనుల మీద రెట్టింపు శ్రద్ధ పెట్టక తప్పదు. ఎండాకాలంలో కోళ్లకు చల్లదనం కోసం పెట్టే ఫాగర్ల (సన్నటి తుంపర చల్లే గొట్టాల) నీరు కూడా చివరకు పెంటలోకే చేరుతుందన్నది చాలామంది గమనించని విషయం.

మందు కొట్టడం వల్ల ప్రయోజనం లేకపోవడమే కాదు, అంతకు మించిన నష్టం కూడా ఉంది. నాలుగైదు వారాల పాత పెంటలో ఈగ గుడ్లను తినే సూక్ష్మమైన నల్లులు, పిల్లపురుగులను తినే నల్లటి పెంకు పురుగులు, ఈగ ప్యూపాలలో (రెక్కలు రాకముందు గూడు కట్టుకున్న దశలో) గుడ్లు పెట్టి వాటిని లోపలి నుంచే తినేసే చిన్న కందిరీగలు పెరుగుతాయి. పెంట మీద నేరుగా పిచికారీ చేస్తే ముందు చచ్చేవి ఇవే. ఈగ పది రోజుల్లో కోలుకుంటుంది, ఇవి అంత త్వరగా కోలుకోలేవు. షెడ్డు మొత్తాన్ని ఒకేసారి నేల కనిపించేలా ఊడ్చి ఎత్తివేసినా ఇదే జరుగుతుంది. అందుకే వరుస విడిచి వరుస ఎత్తాలని, అడుగున పలుచగా పొడి పెంటను వదలాలని నిపుణులు చెబుతారు. శుభ్రత పేరుతో తనిఖీకి వచ్చినవారే దీనికి విరుద్ధంగా ఆదేశించడం నాకు తెలుసు.

ఇక ఏ మందు కొడుతున్నారన్నది మరో ప్రశ్న. ఈగల కోసం ఒకప్పుడు విరివిగా వాడిన డైక్లోర్‌వాస్ వాడకాన్ని కేంద్ర ప్రభుత్వం 2020 డిసెంబరు 31 నుంచి నిషేధించింది. రైతుల నోట మాత్రం ఇప్పటికీ ఆ పేరే వినిపిస్తుంది. పొలానికని తెచ్చిన డబ్బాలో మిగిలినది షెడ్డులో చల్లడం కూడా లేకపోలేదు. 2017లో నెదర్లాండ్స్, బెల్జియం దేశాల్లో కోళ్లకు పట్టే ఎర్ర నల్లిని చంపడానికి వాడిన మందులో ఫిప్రోనిల్ కలిసి ఉన్నట్టు తేలడంతో లక్షలాది గుడ్లను మార్కెట్ నుంచి వెనక్కి తీసుకోవలసి వచ్చింది. అదే ఫిప్రోనిల్ మన దగ్గర వరికి, చెరకుకు, మిరపకు వాడే మామూలు పురుగుమందు. పంట మందు పంటకే అన్న మాటను ఫారాల వారికి గట్టిగా చెప్పేవారు ఎవరు?

కూరగాయల విషయంలో రైతులమైన మేమూ మందునే నమ్ముకుని కూర్చున్నాం. వంగ మొవ్వులోకి, కాయలోకి తొలిచే పురుగు గుడ్డు నుంచి బయటపడిన కొన్ని గంటల్లోనే లోపలికి దూరిపోతుంది. ఆ తరువాత పైన ఎంత కొట్టినా దానికి తగిలేది తక్కువ, కాయ మీద మిగిలేది ఎక్కువ. వాడిన మొవ్వులను పురుగుతో సహా తుంచి కాల్చేయడం, మగ రెక్కల పురుగులను వాసనతో రప్పించి పట్టే లింగాకర్షక బుట్టలు పెట్టడం కొంత శ్రమే అయినా పనిచేసే పద్ధతులు. మోనోక్రోటోఫాస్‌ను కూరగాయలపై వాడరాదని 2005 నుంచే ఉత్తర్వులున్నా, కోతకు ఎన్ని రోజుల ముందు పిచికారీ ఆపాలో అడిగి తెలుసుకునే రైతులు ఇప్పటికీ కొద్దిమందే.

ఈ రెండు సమస్యలూ కలిసే చోటు కోడిపెంట. మా ప్రాంతంలో పశువులు తగ్గి, పశువుల గత్తం దొరకడం గగనమైపోయింది. దాంతో కోడిపెంట ట్రాక్టర్ లోడు లెక్కన కొని తోటలకు తోలుకుంటున్నాం. అది మంచి ఎరువే, సందేహం లేదు. అయితే పచ్చి పెంటను పైన ఏ కప్పూ లేకుండా రోడ్డు మీదుగా తీసుకువచ్చి, పొలం గట్టున పోసి, దుక్కి కుదిరే దాకా వానలో నానబెడితే ఫారంలో పుట్టవలసిన ఈగలు ఊరి మధ్యనే పుడతాయి. ఫిర్యాదులన్నీ ఫారాల మీదే వస్తాయి గాని, ఇందులో సగం పాపం కొనుక్కునే రైతులదన్న నిజాన్ని ఒప్పుకోవాలి. పెంటను కుప్పగా పోసి టార్పాలిన్ కప్పి గాలి చొరకుండా అంచులకు మట్టి వేస్తే, లోపల పుట్టే వేడికి గుడ్లు, పురుగులు చస్తాయి. నడుమ ఒకటి రెండు సార్లు తిరగవేసి మళ్లీ కప్పితే వెలుపలి పొరలోని పురుగులకూ ఆ వేడి తగులుతుంది. ఇలా మగ్గిన ఎరువు వేళ్లను మాడ్చదు, వాసనా తక్కువ.

ఐదు వేలకు మించి కోళ్లున్న ఫారాలు కాలుష్య నియంత్రణ మండలి అనుమతి తీసుకోవాలని కేంద్ర మండలి మార్గదర్శకాలు చెబుతున్నాయి. కోళ్ల ఆరోగ్యం పశుసంవర్ధక శాఖది, పంట పురుగు వ్యవసాయ, ఉద్యాన శాఖలది, రోడ్డు పక్క కుప్ప పంచాయతీది. ఎవరికి వారే యమునా తీరే అన్నట్టుంది. 2020లో మొదలై ఇప్పుడు రైతు సేవా కేంద్రాలుగా పిలుస్తున్న చోట్లకు వ్యవసాయ, ఉద్యాన, పశుసంవర్ధక సహాయకులు ముగ్గురితోనూ సంబంధం ఉంది. వారు కలిసి వైశాఖంలోనే, వానలకు ముందే, తమ పరిధిలోని ప్రతి ఫారానికీ వెళ్లి నిపుళ్లు, చూరు, కాలువలు, పెంట నిల్వ చేసే చోటు చూడాలి. చూసినది కాగితం మీద పెట్టి పంచాయతీకి ఒక ప్రతి ఇవ్వాలి. అదే సందర్భంలో పెంట కొనే రైతులకు టార్పాలిన్లు రాయితీపై ఇప్పించి, కప్పు లేని లోడును ఊరిలోకి రానివ్వకుండా పంచాయతీలు తీర్మానం చేయాలి. రైతు బజార్లకు వచ్చే కూరగాయలతో పాటు గుడ్ల నమూనాలను కూడా మందు అవశేషాల కోసం పరీక్షింపజేసి, ఫలితాలను బజారులోనే బోర్డు మీద పెట్టాలి. జిల్లా కలెక్టరు గారు ఈ శాఖలన్నింటినీ ఒక్కసారి కూర్చోబెడితే, వచ్చే తొలకరి నాటికి ఇవన్నీ సాధ్యమేనని నా నమ్మకం.

ఇట్లు,
ఒక కూరగాయల రైతు,
పద్మనాభం మండలం, విశాఖపట్నం జిల్లా.